పాట మీద క్లెయిమ్ వస్తే – 3వ పాఠం: అభ్యంతరం రాసే పద్ధతి

ఒకే పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగ్ అనే మూడు వేర్వేరు ఆస్తులు ఉంటాయనీ, ఆ మూడింటికీ యజమానులు వేర్వేరుగా ఉండవచ్చుననీ గత పాఠంలో చూశాము. యూట్యూబ్‌లో మీరు పెట్టిన పాట మీద ఒక ఆడియో కంపెనీ కంటెంట్ ఐడీ (వీడియోలను హక్కుదారుల రికార్డులతో దానంతట అదే పోల్చి చూసే యూట్యూబ్ యంత్ర వ్యవస్థ) ద్వారా క్లెయిమ్ వేసినప్పుడు, ఆ మూడింటిలో దేనిని అడుగుతున్నారో గుర్తించి, దానికి మాత్రమే సమాధానం రాయడం ఈ పాఠంలో నేర్చుకుందాము.

ముందుగా యూట్యూబ్ స్టూడియోలో క్లెయిమ్ వివరాలు తెరిచి, అది రికార్డింగ్ మీద వచ్చిందా, బాణీ మీద వచ్చిందా చూడండి. రికార్డింగ్ మీద వచ్చి, పాడినదీ వాయించినదీ పూర్తిగా మీ బృందమే అయితే, యంత్రం పోలికను చూసి పొరబడిందన్న మాట. అయితే మీరు కరావోకే ట్రాక్ మీద పాడి ఉంటే తొందరపడకండి. ఆ ట్రాక్ కూడా ఒకరి రికార్డింగే. దానిని కొన్న రశీదులో వీడియోకు వాడుకునే అనుమతి ఉందో లేదో చదివిన తరువాతే ముందుకు వెళ్లాలి.

బాణీ మీద వచ్చిన క్లెయిమ్ దగ్గర మన సంగీత విద్యార్థులు ఎక్కువగా తడబడుతున్నారు. మన చట్టంలో సాహిత్యానికీ సంగీతానికీ రక్షణ, కర్త జీవించినంత కాలమూ, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్లూ ఉంటుంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. ఆయన కృతికి సాహిత్యమూ సంగీతమూ రెండూ ఆయనవే కనుక, దానిని ఎవరైనా స్వేచ్ఛగా పాడుకోవచ్చు. అన్నమాచార్యుల కీర్తన సంగతి వేరు. ఆయన సాహిత్యం రాగిరేకుల మీద నిలిచింది గాని, నేడు మనం పాడుతున్న బాణీలలో అనేకం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు కనుక ఆయన బాణీలకు 2039 చివరి వరకూ, 2014లో మరణించిన నేదునూరి కృష్ణమూర్తి గారి బాణీలకు 2074 చివరి వరకూ రక్షణ ఉంటుంది. అందువల్ల “అన్నమయ్య పాట అందరిదీ” అని రాసిన అభ్యంతరం సాహిత్యం వరకే నిలుస్తుంది. ఆ విద్వాంసుల శ్రమను గౌరవించడం కూడా మన బాధ్యతే కనుక, బాణీ ఎవరిదో తెలుసుకోకుండా పాట పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

పాత సినిమా పాటలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 1955లో విడుదలైన రికార్డుకు మన దేశంలో 2015 చివరితో గడువు తీరింది. కాని దానికి స్వరం కట్టినవారు 1974లో మరణించిన ఘంటసాల గారైతే, బాణీ మీద హక్కు 2034 చివరి వరకూ ఉంటుంది.

ఇక రాయడానికి వద్దాము. త్యాగరాజ కృతిని మీరే పాడి రికార్డు చేసినప్పుడు ఇలా రాయవచ్చు: “ఈ వీడియోలోని గాత్రం, వయొలిన్, మృదంగం మా బృందం స్వయంగా రికార్డు చేసినవి. మీ రికార్డింగ్‌లోని ఏ భాగమూ ఇందులో లేదు. కృతి సాహిత్యమూ సంగీతమూ 1847లో మరణించిన త్యాగరాజువి. 1957 కాపీరైట్ చట్టం 22వ సెక్షన్‌లోని గడువు ఎప్పుడో ముగిసింది.” ఇంతకు మించి అక్కరలేదు. “ఉల్లంఘించే ఉద్దేశం లేదు, హక్కులన్నీ యజమానులవే” అనే వాక్యాన్ని ఎన్నడూ చేర్చకండి. అది మీ హక్కును మీరే వదులుకున్నట్టు ఉంటుంది. “రాయల్టీ కడతాను, అనుమతితో పని లేదు” అనే వాదన కూడా చెల్లదు. 31డి సెక్షన్ కింద ఆ వెసులుబాటు రేడియో, టీవీ ప్రసారాలకే గాని, కోరిన పాట వినిపించే ఆన్‌లైన్ సేవలకు వర్తించదని ఆడియో కంపెనీ టిప్స్‌కూ, పాటల యాప్ వింక్‌కూ మధ్య వచ్చిన వివాదంలో బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది; 2022లో అదే కోర్టులోని ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ దానిని సమర్థించింది.

గడువులు గుర్తుంచుకోండి. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల లోపు అభ్యంతరం పెడితే, మొదటి రోజు నుండి వచ్చే ఆదాయాన్ని యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుతుంది. కంపెనీ 30 రోజులలో స్పందించాలి. లేకపోతే క్లెయిమ్ తొలగిపోతుంది. వారు తిరస్కరిస్తే మీరు అప్పీలు చేయవచ్చు, దానికి వారికి 7 రోజుల గడువే ఉంటుంది. అప్పీలు దశలో వారు వీడియోను తీసివేయించమని కోరితే మీ చానెల్‌కు స్ట్రైక్ (కాపీరైట్ ఉల్లంఘనకు యూట్యూబ్ వేసే శిక్ష) పడవచ్చు కనుక, రికార్డింగ్ అసలు ఫైళ్లు, వాద్యకారులతో రాసుకున్న ఒప్పందం చేతిలో ఉన్నప్పుడే ఆ మెట్టు ఎక్కండి.

అభ్యాసం: మీ చానెల్‌లోని ఒక అన్నమయ్య కీర్తనను తీసుకొని, సాహిత్యం, బాణీ, రికార్డింగ్ ఎవరివో, ఒక్కొక్క దాని గడువు ఏ సంవత్సరంతో ముగుస్తుందో పట్టికగా రాయండి. బాణీ ఎవరిదో తేలకపోతే, మీరు నేర్చుకున్న గురువును అడిగి తెలుసుకోండి. స్ట్రైక్ పడిన తరువాత పంపవలసిన ప్రతివాద నోటీసును 4వ పాఠంలో చూద్దాము.