బ్లాక్‌చైన్ ఎక్స్‌ప్లోరర్‌ను తొలిసారి తెరిచేవారికి

దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉన్న మీకు ఎవరైనా "మీ బిట్‌కాయిన్ పంపించాం, చూసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపితే, అది నిజమా కాదా అని నలుగురిని అడగవలసిన పనిలేదు. లావాదేవీ ఐడీ అడిగి తీసుకుని, బ్లాక్‌చైన్ ఎక్స్‌ప్లోరర్‌లో మీరే చూసుకోవచ్చు. బ్లాక్‌చైన్ అంటే బిట్‌కాయిన్ వంటి వాటి లావాదేవీలను బ్లాకులు అనే కట్టలుగా వరుసగా రాసే, అందరూ చూడగల ఖాతా పుస్తకం. అందులో నమోదైన ప్రతి లావాదేవీని వెతికి చూపే వెబ్‌సైటునే ఎక్స్‌ప్లోరర్ అంటారు. దానికి ఖాతా తెరవనక్కరలేదు, రుసుము లేదు, వెతికి చూసినంత మాత్రాన ఏదీ చెడిపోదు. సర్వే నంబరు కొట్టి పహాణీ చూసుకున్నట్టే ఇక్కడా ఒక నంబరు కొట్టి చూస్తాము. కాకపోతే పహాణీలో పట్టాదారు పేరు ఉంటుంది, ఇక్కడ ఎవరి పేరూ ఉండదు.

బిట్‌కాయిన్ కోసం మెంపూల్ డాట్ స్పేస్, ఈథీరియం అనే మరో బ్లాక్‌చైన్ కోసం ఈథర్‌స్కాన్ డాట్ ఐఓ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల మీద నొక్కకుండా, సైటు చిరునామాను బ్రౌజర్‌లో మీరే టైపు చేయడం మంచిది. వాలెట్‌కు (కాయిన్లను దాచి, పంపే యాప్‌కు) చెందిన 12 లేదా 24 రహస్య పదాలను అసలైన ఎక్స్‌ప్లోరర్ ఎన్నడూ అడగదు. అడిగిన పేజీని వెంటనే మూసివేయాలి.

సాధనకు సొంత కాయిన్లు అక్కరలేదు. మెంపూల్ డాట్ స్పేస్‌లోని వెతుకు పెట్టెలో 170 అనే బ్లాకు నంబరు కొట్టండి. 2009 జనవరి 12 నాటి ఆ బ్లాకులో రెండే లావాదేవీలు ఉంటాయి. మొదటిది, బ్లాకును తయారుచేసినందుకు ప్రతిఫలంగా కొత్తగా పుట్టిన 50 బిట్‌కాయిన్లు. ఈ ప్రతిఫలం ప్రతి 2,10,000 బ్లాకులకు సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు చేరింది. రెండవది, బిట్‌కాయిన్‌ను సృష్టించిన సతోషి నకమోటో ప్రోగ్రామర్ హాల్ ఫిన్నీకి 10 బిట్‌కాయిన్లు పంపిన లావాదేవీ, ఒక మనిషి మరొకరికి బిట్‌కాయిన్ పంపడం అదే మొదలు. దీని మీద కాసేపు ఆగడం అవసరం, ఎందుకంటే కొత్తవారు తికమకపడేది ఇక్కడే. ఎడమవైపు ఇన్‌పుట్‌లో (ఖర్చయ్యే సొమ్ము) 50 కనిపిస్తుంది, కుడివైపు అవుట్‌పుట్‌లలో (చేరే సొమ్ము) ఒకచోట 10, మరొకచోట 40 కనిపిస్తాయి. సతోషి పంపినది 50 కాదు, 10 మాత్రమే. 50 మొత్తాన్నీ ఒకేసారి ఖర్చుపెట్టి, మిగిలిన 40ని చిల్లరగా తనకే తిరిగి రాసుకున్నాడు. ఇప్పటి లావాదేవీలలో ఇన్‌పుట్ మొత్తానికీ అవుట్‌పుట్ మొత్తానికీ మధ్య కొద్దిపాటి తేడా ఉంటుంది, అదే రుసుము; ఈ లావాదేవీలో మాత్రం అది సున్నా.

ఇక మీకు వచ్చిన ఐడీని వెతకండి. బిట్‌కాయిన్ లావాదేవీ ఐడీలో 64 అక్షరాలు, అంకెలు ఉంటాయి కనుక చేత్తో కొట్టకుండా కాపీ చేయాలి. మొదట చూడవలసినది కన్ఫర్మేషన్ల సంఖ్య, అంటే లావాదేవీ చేరిన బ్లాకుతో కలిపి ఇప్పటిదాకా ఎన్ని బ్లాకులు వచ్చాయన్నది. "అన్‌కన్ఫర్మ్‌డ్" అని ఉంటే ఆ లావాదేవీ ఇంకా ఏ బ్లాకులోకీ చేరలేదని అర్థం. పంపినవారు ఎక్కువ రుసుముతో దాని స్థానంలో మరొకటి పెట్టగలరు కనుక, దానిని నమ్మి సరుకు ఇవ్వకూడదు. బ్లాకు సగటున 10 నిమిషాలకు ఒకటి చొప్పున వస్తుంది, పెద్ద మొత్తాలకు 6 కన్ఫర్మేషన్ల దాకా ఆగడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) చూపితే, మన సమయం కోసం దానికి 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి.

ఈథర్‌స్కాన్‌లో అదనంగా స్టేటస్ అనే వరుస ఉంటుంది. అందులో "ఫెయిల్డ్" అని ఉంటే సొమ్ము చేరలేదు, రుసుము మాత్రం పోయింది. ఈథీరియం మీద నడిచే ఇతర కాయిన్లైన టోకెన్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి: టెథర్ సంస్థ తెచ్చిన, డాలర్ విలువను అనుసరించే యూఎస్‌డీటీ పేరుతో టోకెన్‌ను ఎవరైనా తయారుచేయవచ్చు కనుక, పేరును కాక కాంట్రాక్ట్ చిరునామాను (ఆ టోకెన్‌ను నడిపే ప్రోగ్రామ్ చిరునామాను) ఆ సంస్థ తన సైటులో ఇచ్చినదానితో పోల్చాలి. మీ పాత లావాదేవీల జాబితా నుంచి చిరునామాను (సొమ్ము చేరవలసిన ఖాతా నంబరు వంటిది) కాపీ చేసి డబ్బు పంపడం కూడా ప్రమాదమే. మొదటి, చివరి అక్షరాలు మీకు తెలిసిన చిరునామాను పోలి ఉండే దొంగ చిరునామాలను సృష్టించి, సున్నా విలువ లావాదేవీలతో వాటిని ఆ జాబితాలోకి ఎక్కించేవారు ఉన్నారు.

అన్నీ సరిగ్గా కనిపించినా ఎక్స్‌ప్లోరర్ చెప్పేది ఒక్కటే: ఈ చిరునామా నుంచి ఆ చిరునామాకు ఇంత సొమ్ము కదిలింది. ఆ చిరునామా ఎవరిదో, "నెలకు రెట్టింపు" అన్నవారి మాట నిజమో కాదో అది చెప్పదు. నిజమైన లావాదేవీని చూపించి అబద్ధపు పథకంలో చేర్చుకోవడమూ సాధ్యమే. మోసపోయినట్టు తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, లావాదేవీ ఐడీ, రెండు చిరునామాలు, తేదీ, సమయం, ఏ నెట్‌వర్క్ (బిట్‌కాయినా, ఈథీరియమా) అనే వివరాలను ఎక్స్‌ప్లోరర్ పేజీలో ఉన్నవి ఉన్నట్టుగా ఫిర్యాదులో రాయించండి.