పార్టిషన్ కీని ఒక్క కాలమ్‌తో సరిపెట్టకండి

కాసాండ్రా వంటి క్లస్టర్ డేటాబేస్‌లో, అంటే డేటాను అనేక సర్వర్లలో (నోడ్లలో) పంచి దాచే డేటాబేస్‌లో, ఏ వరుస ఏ నోడ్‌కు చేరాలో పార్టిషన్ కీయే నిర్ణయిస్తుంది. మర్మర్3 అనే హ్యాష్ పద్ధతి ఆ కీ విలువను 64 బిట్ల టోకెన్‌గా మారుస్తుంది. టోకెన్ల పరిధిని నోడ్లు ముందే పంచుకుని ఉంటాయి కనుక, ఆ టోకెన్ ఏ నోడ్ పరిధిలో పడితే వరుస అక్కడికి చేరుతుంది, రెప్లికేషన్ ఫ్యాక్టర్ (ప్రతి వరుసకు ఉంచే ప్రతుల సంఖ్య) 3 అయితే మరో రెండు నోడ్లలోనూ దాని ప్రతులు ఉంటాయి. అయితే ఒకే కీ గల వరుసలన్నీ ఒకే పార్టిషన్‌గా ఉంటాయి, క్లస్టర్‌కు కొత్త నోడ్లు ఎన్ని చేర్చినా ఆ పార్టిషన్ చీలదు.

అందువల్ల సెన్సర్ రీడింగుల వంటి, నిత్యం పెరిగే డేటాకు సెన్సర్ ఐడీని ఒక్కదాన్నే కీగా పెడితే పార్టిషన్ అంతులేకుండా ఉబ్బుతుంది. తేదీని ఒక్కదాన్నే పెట్టడం ఇంకా చేటు, ఎందుకంటే ఆ రోజు వరుసలన్నీ ఒకే పార్టిషన్‌కు చేరి, రాతల భారమంతా దాని ప్రతులున్న కొద్ది నోడ్ల మీదే పడుతుంది. రెండింటినీ కలిపి, ప్రైమరీ కీని ((సెన్సర్_ఐడీ, తేదీ), సమయం) అనే రూపంలో ఇవ్వండి. ఇక్కడ లోపలి బ్రాకెట్లు చాలా ముఖ్యం: అవి లేకపోతే ఎర్రర్ ఏమీ రాదు, కానీ సెన్సర్ ఐడీ మాత్రమే పార్టిషన్ కీగా మిగిలి, తేదీ కేవలం క్లస్టరింగ్ కాలమ్ (పార్టిషన్ లోపల వరుసల క్రమాన్ని నిర్ణయించేది) అవుతుంది.

పార్టిషన్ పరిమాణం సుమారు 100 ఎంబీ లోపు ఉండేలా చూసుకోవడం మేలు. కాసాండ్రాతో వచ్చే నోడ్‌టూల్ అనే సాధనంలోని టేబుల్‌హిస్టోగ్రామ్స్ ఆదేశంతో దాన్ని అప్పుడప్పుడూ పరిశీలించండి. ఈ పద్ధతిలో ఒక సెన్సర్‌కు చెందిన వారం రోజుల రీడింగులు కావాలంటే ఏడు పార్టిషన్లను చదవాలి. వాటిని ఏడు వేర్వేరు క్వెరీలుగా ఒకేసారి పంపితే పని వేర్వేరు నోడ్ల మధ్య పంచబడుతుంది.