గోల్డ్‌ఫిష్ తొట్టిలో నీటి సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

గోల్డ్‌ఫిష్ తొట్టిలోని నీరు బాగుందో లేదో చాలామంది కంటిచూపుతోనే తేల్చుకుంటారు. అయితే చేపకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అమ్మోనియాకు (ఇది చేప నుంచే వెలువడుతుంది), దాని నుంచి తయారయ్యే నైట్రైట్‌కు రంగు ఉండదు. అవి ప్రమాదకర స్థాయిలో ఉన్న నీరు తేటగా కనిపించవచ్చు. అడుగు కనిపించనంత పచ్చగా మారిన నీటిలో చేప ఆరోగ్యంగా తిరుగుతూ ఉండవచ్చు. అందువల్ల కింద చెప్పిన లక్షణాలలో ఏది కనిపించినా, మందు వేయడానికి ముందే, తొట్టి ఖాళీ చేయడానికి ముందే, టెస్ట్ కిట్‌తో నీటిని పరీక్షించాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ 0 ఉండాలి. నైట్రైట్ నుంచి ఏర్పడే నైట్రేట్ 40 పీపీఎం (పది లక్షల వంతులలో 40 వంతులు) దాటకూడదు, 20 లోపు ఉంటే మరీ మంచిది. నీటి ఆమ్ల, క్షార స్వభావాన్ని చెప్పే పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఎక్కడ ఉన్నా గోల్డ్‌ఫిష్ సర్దుకుంటుంది గాని, అది ఉన్నట్టుండి మారితే తట్టుకోవడం కష్టం.

చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది

ఈ లక్షణానికి ఒకటికి మించిన కారణాలు ఉండటం వల్ల, తప్పు చికిత్స జరిగేది కూడా ఇక్కడే ఎక్కువ. మొదట అనుమానించవలసింది ఆక్సిజన్ కొరతను. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర అది 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. వేడి పెరిగినప్పుడు చేప శరీరానికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. ఎయిర్ పంప్‌కు ఎయిర్ స్టోన్ (గాలిని చిన్న బుడగలుగా వదిలే రాయి) తగిలించి నడపాలి, ఫిల్టర్ నుంచి వచ్చే నీరు పై పొరను బాగా కదిలించేలా అమర్చాలి, తొట్టిపై ఎండ పడుతుంటే అడ్డు పెట్టాలి. నీటిని చల్లబరచాలని ఐసు ముక్కలు నేరుగా వేయకూడదు. ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతే చేపకు అది మరో దెబ్బ అవుతుంది.

గాలి అందించిన గంట, రెండు గంటలలో చేప కిందికి దిగి మామూలుగా ఈదితే కారణం దొరికినట్టే. అలా జరగకపోతే అమ్మోనియా, నైట్రైట్ లెక్కలు చూడాలి. అమ్మోనియా మొప్పలను కాల్చినట్టు దెబ్బతీస్తుంది. చేప రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంటుంది, రెక్కలలో ఎర్రని చారలు కనిపించవచ్చు. నైట్రైట్ మొప్పల ద్వారా రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోయలేని స్థితికి హిమోగ్లోబిన్‌ను మారుస్తుంది. అప్పుడు నీటిలో ఎంత ఆక్సిజన్ ఉన్నా చేపకు ఊపిరి ఆడదు, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి.

ఈ రెండింటిలో ఏది కనిపించినా, క్లోరిన్ తొలగించి, తొట్టి నీటి ఉష్ణోగ్రతకు సరిపోల్చిన కొత్త నీటితో సగం నీరు మార్చాలి. మరునాడు మళ్లీ పరీక్షించి, అవసరమైతే మళ్లీ సగం మార్చాలి. ఒకటి రెండు రోజులు మేత ఆపినా పెద్ద గోల్డ్‌ఫిష్‌కు ఏ నష్టమూ లేదు. నైట్రైట్ ఎక్కువగా ఉన్నప్పుడు లీటరుకు ఒక గ్రాము చొప్పున ఉప్పును విడిగా నీటిలో కరిగించి పోయడం ఉపకరిస్తుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు పోటీగా నిలిచి దానిని లోపలికి వెళ్లనివ్వదు.

కొత్త తొట్టిలో నీరు పాలలా తెల్లబడింది

గులకరాళ్లను సరిగ్గా కడగకుండా వేస్తే మొదటి గంటలలోనే నీరు మసకబారుతుంది. అది ధూళి మాత్రమే, ఫిల్టర్ పట్టేస్తుంది. రెండు మూడు రోజుల తరువాత వచ్చే తెలుపు వేరు. మిగిలిపోయిన మేత, వ్యర్థాలు ఆధారంగా బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం వల్ల అది వస్తుంది. దానికి మందు అక్కరలేదు. మేత తగ్గించి, గాలి అందిస్తూ ఉంటే కొన్ని రోజులలో తగ్గిపోతుంది.

అసలు ఆందోళన ఆ తెలుపు గురించి కాదు, ఆ తొట్టి ఇంకా పక్వానికి రాలేదన్నదాని గురించి. చేప మొప్పల నుంచి నిరంతరం అమ్మోనియా వెలువడుతుంది. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను చాలా తక్కువ హానికరమైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీటిలో కంటే ఎక్కువగా ఫిల్టర్ స్పాంజ్‌ను, రాళ్లను అంటిపెట్టుకుని బ్రతుకుతాయి. చాలినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపను తెచ్చిన రోజే తొట్టి నింపి అందులో వదిలితే ఆ వారాలన్నీ అది తన విషంలోనే బ్రతకవలసి వస్తుంది. ఇప్పటికే వదిలి ఉంటే రోజు విడిచి రోజు నీటిని పరీక్షిస్తూ, అమ్మోనియా గాని నైట్రైట్ గాని కనిపించిన ప్రతిసారీ నాలుగో వంతు నుంచి సగం వరకు నీరు మార్చాలి. ఆరోగ్యకరమైన పాత తొట్టి నుంచి వాడుకలో ఉన్న స్పాంజ్ ముక్క దొరికితే దానిని తడి ఆరకుండా తెచ్చి మన ఫిల్టర్‌లో పెట్టడం కంటే మంచి సహాయం లేదు.

గుండ్రని గాజు గిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను ఉంచే అలవాటును నేను ఏ విధంగానూ సమర్థించలేను. తక్కువ నీరు, గాలి తగిలే ఉపరితలం తక్కువ, ఫిల్టర్‌కు చోటు ఉండదు. అందులో ఈ మార్గదర్శిలోని ఏ పరిష్కారమూ ఎక్కువ కాలం నిలవదు. ఒక్క చేపకైనా సుమారు 75 లీటర్ల తొట్టి ఉండాలి.

ఫిల్టర్ శుభ్రం చేసిన కొద్ది రోజులకే చేప నీరసించింది

స్పాంజ్‌ను కొళాయి కింద తెల్లగా వచ్చేవరకు కడిగి ఉంటారు. కొళాయి నీటిలోని క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపుతుంది, ఆపైన అమ్మోనియా మళ్లీ పేరుకుంటుంది. నీరు మార్చేటప్పుడు తొట్టి నుంచి తీసిన నీటిలోనే స్పాంజ్‌ను నాలుగైదు సార్లు పిండి, గోధుమరంగు కొంత మిగిలి ఉండగానే తిరిగి పెట్టాలి. రెండు స్పాంజ్‌లు ఉంటే ఒక్కో వారం ఒక్కటే పిండాలి. కరెంటు పోయి ఫిల్టర్ చాలా గంటలు ఆగిపోయినా ఇదే పరిస్థితి వస్తుంది, ఎందుకంటే ఆ బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి.

నీరు మార్చిన వెంటనే చేప బెదిరి తిరుగుతోంది

క్లోరిన్ కలిసిన నీరు నేరుగా పోయడం దీనికి ముఖ్య కారణం. నీటిని బకెట్‌లో పట్టి గాలి ఆడిస్తూ ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది గాని, కొన్ని చోట్ల నీటి సరఫరాలో క్లోరిన్‌కు బదులు వాడే క్లోరమైన్ అలా పోదు. దానికి యాంటీ క్లోరిన్ ద్రావణం తప్పనిసరి. క్లోరమైన్ విడిపోయినప్పుడు కొంత అమ్మోనియా మిగులుతుంది కాబట్టి, దానిని కూడా అదుపు చేసే రకాన్ని ఎంచుకోవాలి. ఒత్తిడితో వచ్చే చల్లని కొళాయి నీటిలో అధికంగా కరిగి ఉన్న గాలి, తొట్టిలో వెచ్చబడినప్పుడు చేప రెక్కలపై చిన్న చిన్న బుడగలుగా అంటుకోవడం కూడా చూస్తాం. నీటిని ముందుగా బకెట్‌లో ఉంచి కాసేపు కలియబెడితే ఇది రాదు.

నీరు ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారింది, లేదా వాసన వస్తోంది

ఆకుపచ్చ రంగు నీటిలో తేలే సూక్ష్మమైన నాచుది. ఎక్కువ వెలుగు, పేరుకున్న నైట్రేట్ రెండూ కలిస్తే అది పెరుగుతుంది. దీపాన్ని రోజుకు ఆరు, ఏడు గంటలకు పరిమితం చేసి, నీటి మార్పులు పెంచాలి. అప్పటికీ తగ్గకపోతే యూవీ (అతినీలలోహిత) దీపం ఉన్న ఫిల్టర్ దానిని తొలగిస్తుంది. చెక్క దుంగ పెట్టిన తొట్టిలో వచ్చే గోధుమరంగు హాని చేయదు. గులకరాళ్లను కదిపినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తే, లోతైన పొరలో గాలి ఆడక విషవాయువు తయారైందని అర్థం. రాళ్ల పొరను పలచబరచి, వారానికొకసారి కొంత భాగం చొప్పున సైఫన్ గొట్టంతో వ్యర్థాలను లాగివేయాలి.

నెలల తరబడి బాగున్న తొట్టిలో చేప ఉన్నట్టుండి జబ్బుపడింది

నీటిని పరీక్షిస్తే పీహెచ్ 6 దగ్గరికి పడిపోయి, అమ్మోనియా పెరిగి ఉంటుంది. నీటి మార్పులను వాయిదా వేసుకుంటూ, ఆవిరైన మేరకు నీరు పోస్తూ వచ్చిన తొట్టిలో ఇది తరచుగా జరుగుతుంది. అమ్మోనియాను మార్చే పనిలో బాక్టీరియా నీటిలోని కార్బనేట్లను ఖర్చు చేస్తాయి. అవి తరిగిపోతే పీహెచ్ నిలవలేక పడిపోతుంది, ఆ ఆమ్ల నీటిలో బాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది.

ఇక్కడ తొందరపాటు చేపను చంపగలదు. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియాలో అధికభాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషపూరితమైన రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి సగం నీరు ఒకేసారి మార్చాలన్న పై సలహా ఈ సందర్భానికి వర్తించదు. రోజుకు పదవ వంతు నుంచి ఆరవ వంతు మాత్రమే మారుస్తూ, అమ్మోనియాను బంధించే ద్రావణాన్ని ప్రతిసారీ కలుపుతూ, మేత ఆపి, పీహెచ్‌ను వారం రోజులలో నెమ్మదిగా పైకి తీసుకురావాలి. అది 7 దాటి నిలకడగా ఉన్న తరువాత వారానికి నాలుగో వంతు నీటి మార్పుకు రావచ్చు. కొళాయి నీటిలోనే కార్బనేట్లు తక్కువగా ఉంటే పగడపు ముక్కలను చిన్న వల సంచిలో కట్టి ఫిల్టర్‌లో ఉంచాలి. అవి మెల్లగా కరుగుతూ ఆ లోటును భర్తీ చేస్తాయి.