పల్లెలో పొగమంచు ఉదయాన్ని ఇంటిల్లిపాదీ గడపడం ఎలా?

నెల్లూరు జిల్లాలో హిమపాతం ఉండదు. జనవరి రాత్రుల్లో సైతం ఉష్ణోగ్రత చాలావరకు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అయినా ధనుర్మాసంలో పెన్నా ఆయకట్టు పల్లెల మీద మంచు గట్టిగా పట్టిన తెల్లవారుజామున ఎదురింటి అరుగు కూడా కనిపించదు. పొద్దెక్కేసరికి అదంతా విడిపోతుంది కనుక, ఆ కాస్త వ్యవధిని పిల్లాపెద్దలతో తనివితీరా గడపదలచినవారు ఏర్పాట్లన్నీ ముందురోజు సాయంత్రమే ముగించుకోవాలి.

మొదట రోజును ఎంచుకోవడం తెలియాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు కురిపించిన వానలతో నేలలో తడి నిలిచి ఉంటుంది. ఆపైన మబ్బు విడిచి ఆకాశం తేటపడితే, రాత్రంతా నేల తన వేడిని కోల్పోయి, దానిని ఆనుకున్న తేమగాలి చల్లబడి పొగమంచుగా మారుతుంది. కాబట్టి సాయంత్రం ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కదలనంతగా గాలి స్తంభించి ఉంటే మరునాటి మంచు మీద ఆశ పెట్టుకోవచ్చు. మబ్బు కమ్మినా, గాలి వీచినా పిల్లలను తెల్లవారకముందే లేపి ఏడిపించడం దండగ.

పట్నం నుంచి వచ్చేవారు చీకటి పడకముందే ఊరు చేరాలి. తెల్లవారి బయలుదేరి మంచులోనే చేరుకుందామన్న సరదా 16వ నంబరు జాతీయ రహదారి మీద పనికిరాదు. పక్కన ఆపిన లారీ కూడా దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. తప్పనిసరైతే హెడ్‌లైట్లను డిప్‌లో ఉంచాలి, ఎందుకంటే పై వెలుగు మంచుకు తగిలి తిరిగి మన కళ్ళలోనే పడుతుంది.

చలిమంటకు కావలసిన సరుగుడు పుల్లలు, ఎండు తాటిమట్టలు రాత్రే వసారాలోకి చేర్చాలి; ఆరుబయట వదిలితే మంచుకు తడిసి, మండకుండా పొగచూరి అందరినీ లోపలికి తరుముతాయి. మంటను గడ్డివామికి దూరంగా వేయాలి. ఉబ్బసం ఉన్న అవ్వలను, తాతలను గాలి వచ్చే వైపున కూర్చోబెట్టాలి, లేదా పొద్దెక్కాకే బయటికి రానివ్వాలి. మిగిలిన నిప్పులను వెచ్చదనం కోసం మూసిన గదిలో పెట్టుకోవడం మాత్రం ప్రాణాంతకం. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

ఈ మంటకు సార్థకత తేగలతోనే వస్తుందని నా అభిప్రాయం. మంటలో కాక, మంట తగ్గిన నిప్పుల మీద వాటిని వేసి, పైతొక్క నల్లబడి కమ్మని వాసన వచ్చేదాకా దొర్లిస్తూ ఉండాలి. బూడిద దులిపి, తొక్క ఒలిచి, నిలువుగా రెండుగా చీల్చితే మధ్యలో సన్నని లేత మొలక కనిపిస్తుంది. దానికోసం పిల్లలు కొట్టుకుంటారు కనుక తలకొకటి చొప్పున కాల్చడమే మేలు. మిగిలిన పిండిభాగాన్ని ముక్కలుగా విరిచి, పీచు లాగేసి తినాలి.

కాస్త వెలుగు వచ్చాక పొలం గట్ల మీదికి నడవవచ్చు. ఆ రోజుల్లో మన వైపు వరి నాట్లు పడి పైరు పచ్చగా ఉంటుంది. గట్టు మీది గడ్డి తడిసి జారుతుంది, పాముల భయమూ ఉంటుంది. అందువల్ల కాళ్ళు పూర్తిగా కప్పే చెప్పులు, చేతిలో కర్ర, టార్చిలైటు ఉండాలి, పెద్దలొకరు ముందు నడవాలి. ఆకుల చివర మంచుబొట్లను, వాటి బరువుకు వంగిన సాలెగూళ్ళను పిల్లలు తీరిగ్గా చూడనివ్వండి. ఫోటోల కోసం తొందరపెట్టవద్దు.

తిరిగి వచ్చేసరికి అందరికీ ఆకలి దంచేస్తుంది. పిండి రాత్రే రుబ్బి ఉంచితే పొయ్యి దగ్గరే కూర్చుని వేడి దోశెలు తినవచ్చు. ముందురోజు వండిన, మామిడికాయ వేసిన చేపల పులుసు ఉంటే వేరే చట్నీ అక్కరలేదు. ధనుర్మాసపు నియమం పాటించే ఇళ్ళలో ఎర్రకారం పూసిన దోశె మీద పప్పులపొడి చల్లి వడ్డించవచ్చు.