ఫియట్ కారులో పాట: ఏది పెట్టాలి, ఎట్లా పెట్టాలి

మా షాపుకు పాత ఫియట్, అంబాసిడర్ తీసుకొచ్చే పోరగాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, మంచి బేస్ కొట్టే స్పీకర్లు పెట్టు." ఆ బండికి బేస్, అంటే దుమ్ముదుమ్మనే లావు శబ్దం, పనికిరాదని చెప్పి, కూర్చోబెట్టి, చాయ్ తాగించి కారణం వివరిస్తాను. నల్లగొండలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా, క్యాసెట్ల కాలం నుంచి కార్లలో స్టీరియోలు బిగిస్తున్నవాణ్ణి. నా సొంత బండి 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఆర్‌సీలో పేరు అదే, మా వీధిలో మాత్రం అందరికీ అది ఫియట్ కారు.

పద్మినిలో ఉన్నది 1089 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్. అది ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు సిలిండర్లలో పెట్రోలు మండుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 దెబ్బలు. కాళ్ళ కిందనుంచి గుయ్యిమని వచ్చే మోత అదే. బేస్ గిటార్, డోలు, తబలాలో ఎడమచేతి డగ్గా కూడా ఇంచుమించు ఆ స్థాయిలోనే మోగుతాయి. కొత్త కార్లలో రేకుల లోపల మెత్తలు వేసి ఇంజన్ మోతను ఆపుతారు. మన బండిలో దాన్ని ఆపేదేమీ లేదు. కాబట్టి ఎంత పెద్ద స్పీకర్ పెట్టినా బేస్ ఇంజన్‌లో కలిసిపోతుంది, బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది.

మనిషి గొంతు, వేణువు, వయొలిన్, మాండలిన్ ఆ మోతకు పైన ఉంటాయి. 1950లు, 60లలో రికార్డయిన మన సినిమా పాటల్లో గొంతే ముందుంటుంది, వాద్యాలు దాని వెనక నడుస్తాయి. అందుకే ఘంటసాల, సుశీల, లీల గొంతులు ఫియట్‌లో అంత స్పష్టంగా వినిపిస్తాయి. పాత కారుకు పాత పాట నప్పుతుందని ఊరికే అనడం లేదు, చెవితో చూసుకున్న సంగతి ఇది. అదే 'గీతాంజలి' (1989) పాటలు నాకు ప్రాణం, కానీ ఇళయరాజా బేస్ గిటార్ నడక వినబడకపోతే ఆ పాటలు సగమే విన్నట్టు. వాటిని బండి ఆపి, ఇంజన్ బంద్ చేసి వింటాను.

బిగించేటప్పుడు

డ్యాష్‌బోర్డు కొయ్యొద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. ఒక్కసారి రంపం పెడితే ఆ రేకు మళ్ళీ రాదు. సొంత బ్యాటరీ ఉన్న చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి చాలు. దాన్ని డ్యాష్‌బోర్డు మీద వదులుగా పెట్టకండి, సడన్ బ్రేక్ వేస్తే ఎగిరి ముఖానికి తగులుతుంది. వెనక సీటు వెనకున్న పలక మీద పెట్టి గట్టిగా కట్టండి. పాత పాటలు మోనోలో, అంటే రెండు వైపులా ఒకటే శబ్దంగా, ఉంటాయి కాబట్టి రెండో స్పీకర్ లేదని బాధ లేదు. తర్వాతి కాలపు పాటలు వినాలంటే ఫోన్ సెట్టింగుల్లో మోనో ఆడియో ఆన్ చేసుకోండి, లేకపోతే కొన్ని స్పీకర్లలో ఒక వైపు వాద్యం వినిపించకుండా పోతుంది. ఈక్వలైజర్‌లో బేస్ తగ్గించి, మధ్య భాగం కొద్దిగా పెంచండి.

అసలైన రేడియోనే కావాలనుకునేవాళ్ళకు కొంచెం పని ఉంది. పాయింట్లతో, అంటే తెరుచుకుని మూసుకుంటూ స్పార్క్ పుట్టించే చిన్న కాంటాక్టులతో, నడిచే ఇగ్నిషన్ అయితే రేడియోలో టకటకమని శబ్దం వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే అది కూడా వేగం పుంజుకుంటుంది. రెసిస్టర్ ఉన్న ప్లగ్ క్యాపులు వేయించండి. ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు వచ్చే వైపు ఒక కండెన్సర్ పెట్టించండి, పాయింట్ల వైపు పెట్టించొద్దు. కుయ్యిమని సన్నగా ఈలలాగా వస్తే అది బ్యాటరీని చార్జ్ చేసే డైనమో నుంచి. దాని అవుట్‌పుట్ టెర్మినల్‌కు ఒక కండెన్సర్ చాలు, ఫీల్డ్ టెర్మినల్ జోలికి పోకూడదు. ఎర్త్ వైరు పెయింటు మీద కాకుండా గీకిన ఇనుము మీద పట్టాలి. బాగా పాత అంబాసిడర్లలో కొన్నింటికి బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. ఆ బండికి ఇవాళ్టి స్టీరియో తెచ్చి చూడకుండా కలిపితే కాలిపోతుంది. డైనమో ఉన్న బండి ఐడ్లింగులో సరిగా చార్జ్ చేయదు, కాబట్టి రైల్వే గేటు దగ్గర ఆగి హెడ్‌లైట్లు వేసుకుని పాటలు వింటూ కూర్చోవద్దు.

లిస్టు తయారు చేసే పద్ధతి

సీ-90 క్యాసెట్‌లో ఒక్కో వైపు 45 నిమిషాలు వచ్చేది. ఇప్పుడు ఫోన్‌లో వేల పాటలు ఉన్నా నేను 45 నిమిషాల లిస్టులే చేస్తాను. దానికి కారణం బండే. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ తెలిసిందే కదా. లిస్టు అయిపోయిందంటే బండి చెట్టు కింద ఆపాలి, టెంపరేచర్ ముల్లు చూడాలి, బానెట్ ఎత్తి గాలి ఆడనివ్వాలి. వేడి మీద రేడియేటర్ మూత విప్పొద్దు. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, ఆ కాలపు పాటలు చాలా వరకు ఆ కొలతలోనే ఉంటాయి. అంటే ఒక లిస్టుకు పదమూడు, పద్నాలుగు పాటలు.

డ్రమ్స్ కలిపి కొత్తగా తయారు చేసిన పాత పాటలు లిస్టులో పెట్టకండి. పాట పాడైపోతుంది, పైగా ఆ దెబ్బలకు కాలు తెలియకుండానే యాక్సిలరేటర్ మీద బరువు పెంచుతుంది. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 50, 60 వేగంలో అది సంతోషంగా పోతుంది, పాట కూడా ఆ వేగానిదే కావాలి. వాల్యూమ్‌కు నా కొలత ఒకటుంది: పాట వస్తుండగా ఇంజన్‌లో ట్యాపెట్ల టిక్‌టిక్ చప్పుడు, వెనక లారీ హారన్ రెండూ వినబడాలి. ముందు కిటికీలోని తిరిగే ముక్కోణపు అద్దాన్ని కొద్దిగా తిప్పి, పెద్ద అద్దం సగం ఎత్తితే గాలి తగులుతుంది, హోరు తగ్గుతుంది.

స్టార్ట్ చేయగానే పాట వద్దు. ఇంజన్ వేడెక్కి చోక్ లోపలికి నెట్టేదాకా దాన్నే వినండి. మిస్ కొడుతున్నా, బెల్టు అరుస్తున్నా అప్పుడే తెలుస్తుంది.

సాగర్ దారి

హాలియా మీదుగా నాగార్జునసాగర్ పోయే దారికి నా దగ్గర ప్రత్యేకంగా ఒక లిస్టు ఉంది. డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. 1955 నుంచి 1967 దాకా వచ్చిన పాటలే అందులో పెట్టాను. రాళ్ళు మోసిన మన జిల్లా కూలీలు ఆ రోజుల్లో హోటల్ రేడియోల్లో విన్న పాటలు ఇవే అయి ఉంటాయని నా ఊహ. 'మిస్సమ్మ' (1955)లో ఏ.ఎం. రాజా, లీల పాడిన 'రావోయి చందమామ'తో ఊరు దాటుతాను. తర్వాత 'మాయాబజార్' (1957) నుంచి 'లాహిరి లాహిరి'. అది పడవ పాట, గేరు మార్చే పని లేని చోట వినాలి. 'గులేబకావళి కథ' (1962)లో సినారె రాసిన 'నన్ను దోచుకుందువటే' వస్తే మా ఇంటామె గొంతు కలుపుతుంది, నేను వాల్యూమ్ తగ్గిస్తాను. కాలువ కనబడి పక్కన వరి పచ్చగా పరుచుకున్న చోట 'మూగమనసులు' (1964)లోని 'గోదారి గట్టుంది' రావాలి. మాది కృష్ణ అయితే ఏం, రాసిన దాశరథి మనవాడు, సుశీల గొంతు అందరిది. 'రాముడు భీముడు' (1964)లో 'తెలిసిందిలే' ఫియట్ నాలుగో గేరుకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. హిందీ ఒకటైనా లేకపోతే మన తెలంగాణ బండి అనిపించదు కాబట్టి 'మధుమతి' (1958)లో ముకేశ్ పాడిన 'సుహానా సఫర్' కూడా చేర్చాను.

దేవరకొండ నుంచి మన్ననూర్ దాకా

ఈ దారి వేరు. కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, హాజీపూర్. రాళ్ళగుట్టలు, తెల్లటి పత్తి, బోర్లు ఎండిన భూములు. ఇక్కడ సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా', బండి యాదగిరి 'బండెనక బండి కట్టి', పాలమూరు గడ్డ మీద పుట్టిన గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పెడతాను. వీటిని ముచ్చట్లాడుకుంటూ వినొద్దు. మొదటి రెండు పాటలు మన నల్లగొండ పోరాటం నుంచి పుట్టినవి, 'మా భూమి' సినిమాతో ఇంటింటికీ చేరినవి. వెనక సీటులో పిల్లలుంటే పశులు కాసే పిల్లగాడు ఎవరో, బండ్లు ఎవరివో ముందే చెప్పండి. ఒక పాటకూ ఇంకో పాటకూ నడుమ కాస్త ఖాళీ వదలండి.

మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర పాటలు బంద్. అక్కడినుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. జంతువులు రోడ్డు దాటుతాయి, పాట వద్దు, హారన్ వద్దు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను పోనివ్వరు కాబట్టి టైమ్ చూసుకుని బయలుదేరండి. కృష్ణ వైపు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ పట్టు మీదే దించాలి, బ్రేకుల వాసన వస్తుందేమో చూసుకోవాలి. పాట ఉంటే ముక్కు కూడా సరిగా పనిచేయదని నా అనుభవం.

బతుకమ్మ పండక్కి అక్కచెల్లెళ్ళను పుట్టింటికి తీసుకొచ్చేటప్పుడు మాత్రం ఏ లిస్టూ అక్కర్లేదు, వాళ్ళే పాడతారు. స్పీకర్ ఆఫ్ చేసి, రోడ్డు బాగుంటే నాలుగో గేరులో నలభై మీద నింపాదిగా పోనివ్వండి. మూడో గేరులో అదే వేగానికి ఇంజన్ ఎక్కువ అరుస్తుంది, పాట చెప్పే ఆమె గొంతు వెనక సీటు దాటి రాదు. గేరు మార్చక తప్పకపోతే అందరూ కలిసి ఉయ్యాలో అని అందుకునేటప్పుడు మార్చండి.