ఆటను మనసులో ఊహించుకునే ముందు జాగ్రత్తలు

• ఊహించబోయే కదలిక మీకు సరిగ్గా వచ్చా? రాకపోతే ముందు కోచ్‌తో సరిచూసుకోండి. తప్పు టెక్నిక్‌ను పదేపదే ఊహిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

• బండి నడుపుతూ వద్దు. నిద్రమత్తులోనూ వద్దు.

• నిజంగా ఎంత సమయం పడుతుందో ఊహలోనూ అంతే పట్టాలి. పరుగైతే స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడండి; చాలామంది ఊహలో తొందరపడతారు.

• మనసులో కనిపించే బొమ్మ ఒక్కటే చాలదు. కాళ్ల కింద నేల, చేతిలో బ్యాట్ బరువు, ఊపిరి కూడా తెలియాలి.

• పతకం అందుకునే దృశ్యం హాయిగానే ఉంటుంది కానీ ఆటను మెరుగుపరిచేది తక్కువ. చేయాల్సిన పనిని ఊహించండి. ఇబ్బందులనూ కలపండి, అయితే వాటిలోంచి బయటపడటంతోనే ముగించండి. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ అలాగే సిద్ధమయ్యేవాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలో గాగుల్స్‌లోకి నీళ్లు చేరినా, స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది ప్రపంచ రికార్డుతో గెలిచాడు.

• పాత గాయమే మళ్లీ మళ్లీ కళ్లముందుకొచ్చి టెన్షన్ పెరుగుతోందా? ఆపేయండి. క్రీడా మనస్తత్వ నిపుణులతో మాట్లాడాకే మళ్లీ మొదలుపెట్టండి.

• మైదానంలో సాధన మాత్రం తగ్గించొద్దు.