ఉపాధ్యాయులు అలసిపోని బడిని నడపడం ఎలా

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా కొత్తగా చేరినవారు మొదటి వారంలో సాధారణంగా బ్యాంకు ఖాతా, మధ్యాహ్న భోజన బియ్యం నిల్వ, సర్వీసు రిజిస్టర్లు చూసుకుంటారు. అవన్నీ చూడవలసినవే. కానీ వాటికంటే ముందు స్టాఫ్ రూమ్ గోడకు అంటించి ఉన్న టైంటేబుల్ చూడాలని చాలా ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న తరువాత నాకు అర్థమైంది. ఎవరికి ఎన్ని పీరియడ్లు ఉన్నాయి, ఎవరు వరుసగా నాలుగు పీరియడ్లు నిలబడుతున్నారు, మధ్యాహ్నం చివరి పీరియడు ఏడాది పొడవునా ఎవరి తలమీద పడుతున్నది, పదో తరగతి భారమంతా ఎవరు మోస్తున్నారు అన్న విషయాలన్నీ ఆ ఒక్క కాగితంలో కనబడతాయి. గురుపూజోత్సవం నాడు ఎన్ని శాలువాలు కప్పినా, ఉపాధ్యాయులకు తమ విలువ తెలిసేది ఆ కాగితం చూసినప్పుడే. అందుకే పని అక్కడి నుంచి మొదలుపెట్టమని చెబుతున్నాను.

ముందు లెక్క వేయండి

6 నుంచి 10వ తరగతి వరకు ఒక్కో తరగతికి రెండేసి సెక్షన్లు, రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు ఉన్న బడిని ఉదాహరణగా తీసుకుందాం. ఒక సెక్షనుకు వారానికి 48, పది సెక్షన్లకు 480 పీరియడ్లు అవుతాయి. ఉపాధ్యాయులు 14 మంది ఉంటే తలా 34 పైచిలుకు వస్తాయి. ఒక్కొక్కరికి మిగిలేవి సుమారు 14 లీజర్ పీరియడ్లు (తరగతికి వెళ్లనవసరం లేనివి), అంటే పీరియడు 45 నిమిషాల చొప్పున పదిన్నర గంటలు. ఇప్పుడు గణితం టీచరు నాలుగు సెక్షన్లకు పాఠం చెబుతున్నారనీ, సెక్షనుకు 40 మంది పిల్లలున్నారనీ అనుకుందాం. ఒక పరీక్షకు 160 జవాబు పత్రాలు వస్తాయి. పత్రానికి 5 నిమిషాలే కేటాయించినా 800 నిమిషాలు, అంటే 13 గంటల 20 నిమిషాలు కావాలి. ఆ వారం ఒక్క లీజరు కూడా పోకుండా ఆమె చేతికి దక్కినా దిద్దుబాటు పూర్తి కాదు. మిగిలినది రాత్రి ఇంట్లో, వంట అయిన తరువాత, పిల్లలు పడుకున్న తరువాత జరుగుతుంది. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ఉపాధ్యాయులకు వారానికి కనీసం 45 పని గంటలని నిర్దేశిస్తూ, పాఠానికి సిద్ధమయ్యే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. సిద్ధపడటం కూడా పనిలో భాగమేనని చట్టమే ఒప్పుకున్నప్పుడు, లీజరులో కూర్చున్న టీచరును ఖాళీగా ఉన్న మనిషిగా చూడటం మనం మానుకోవాలి.

ఈ లెక్కను మీ బడి అంకెలతో ఒక తెల్లకాగితం మీద వేసి, ప్రతి ఉపాధ్యాయుడి పేరు ఎదుట పీరియడ్లు, పిల్లల సంఖ్య, దిద్దవలసిన పుస్తకాలు, అదనపు బాధ్యతలు రాయండి. భోజనం, ఆన్‌లైన్ నమోదులు, లైబ్రరీ, స్కౌట్స్, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు) వంటివన్నీ అందులో చేరాలి. సాధారణంగా అదనపు పనులన్నీ ఇద్దరు ముగ్గురి దగ్గరే పోగుపడి ఉంటాయి. కంప్యూటరు బాగా తెలిసిన యువ ఉపాధ్యాయుడికి ఏ నమోదు పని వచ్చినా వెళ్లిపోతుంది, కాదనలేని స్వభావం గల టీచరుకు ప్రతి కార్యక్రమ నిర్వహణా చేరుతుంది. సమర్థత ఉన్నందుకు అదనపు బరువు మోపడం న్యాయం కాదు. ఏ పనైనా ఒకరికి రెండేళ్లకు మించి ఉంచకుండా, మొదటి ఏడాదే పక్కన మరొకరిని కూర్చోబెట్టి నేర్పించే ఏర్పాటు చేస్తే, బడి ఎవరో ఒకరి మీద ఆధారపడటమూ తగ్గుతుంది.

టైంటేబుల్ తయారుచేసేటప్పుడు మూడు నియమాలు పెట్టుకోండి. వరుసగా మూడు పీరియడ్లకు మించి ఎవరికీ ఇవ్వకూడదు. చివరి పీరియడు మూడు నెలలకోసారి చేతులు మారాలి. పరీక్షలు అయిన వారంలో ఎక్కువ పత్రాలున్నవారికి సర్దుబాటు పీరియడ్లు, అంటే సెలవు పెట్టినవారి బదులు చూసేవి, వేయకూడదు. మార్కుల నమోదుకు అందరికీ ఒకే గడువు పెట్టడం కంటే, పత్రాల సంఖ్యను బట్టి మూడు నుంచి ఏడు రోజుల వరకు వేర్వేరు గడువులు పెట్టడం మంచిది. పై అధికారులు ఇచ్చిన తుది తేదీ మన చేతిలో ఉండదు, కానీ ఆ తేదీలోపు బడిలో పని ఏ వరుసలో సాగాలన్నది పూర్తిగా మన చేతిలోనిదే.

సెలవు పెట్టినవారి పీరియడ్లు

ఒక్కరు సెలవు పెడితే ఆరు పీరియడ్లు ఎవరో ఒకరు చూసుకోవాలి. స్టాఫ్ రూమ్‌లో మనస్పర్థలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంటుంది. ఉదయం ప్రార్థన కాగానే ఎవరు ఎదురుపడితే వారికి పీరియడు వేసే పద్ధతి వల్ల, ఎదురుపడకుండా తిరిగేవారు బాగుపడతారు, కుర్చీలో బుద్ధిగా కూర్చున్నవారు నష్టపోతారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. సర్దుబాటు రిజిస్టరు తెరిచి ఒక నెల లెక్క చూస్తే ఒకే టీచరుకు పదకొండు, మరొకరికి రెండు అని తేలింది. ఆ పదకొండు పీరియడ్లు తీసుకున్న ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆమె అడగలేదు కాబట్టి నేను చూడలేదు. ఇప్పటికీ నన్ను బాధించే విషయం అది.

అప్పటి నుంచి రిజిస్టరు చివర ప్రతి ఉపాధ్యాయుడి పేరు ఎదుట గీతలు పెట్టి, తక్కువ గీతలున్నవారికి ముందు పీరియడు వేసే పద్ధతి పెట్టుకున్నాను. పేజీ అందరికీ కనబడేలా స్టాఫ్ రూమ్ బల్ల మీదే ఉంచాలి. ఒక రోజులో ఎవరి లీజర్లూ పూర్తిగా పోకుండా, కనీసం ఒకటి మిగల్చాలి. ముగ్గురు నలుగురు ఒకేసారి లేని రోజున, రెండు సెక్షన్లను కలిపి ఆటస్థలంలోనో లైబ్రరీలోనో కూర్చోబెట్టడం తప్పేమీ కాదు. ఉన్నవారిని ఎనిమిది పీరియడ్లూ నిలబెట్టడం కంటే అది పిల్లలకూ మేలు.

సెలవు అడిగిన మనిషిని కారణాలు తవ్వి ప్రశ్నించకండి. ఉమ్మడి రాష్ట్రంలో 1996లో మహిళా ఉపాధ్యాయులకు ఏడాదికి 5 అదనపు ప్రత్యేక సి.ఎల్.లు (క్యాజువల్ లీవులు) ఇచ్చారు. అవి ఎందుకు ఇచ్చారో తెలిసిన ప్రధానోపాధ్యాయుడు అడగకుండానే సంతకం పెట్టాలి. ఇంట్లో మరణం జరిగి తిరిగి వచ్చినవారికి మొదటి మూడు రోజులు తేలికైన తరగతులు ఇవ్వడానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు.

అర్జెంటు అనే మాటను తగ్గించడం

మధ్యాహ్నం రెండింటికి మండలం నుంచి సమాచారం అడుగుతారు, మూడింటికల్లా పంపాలంటారు. మనం ఆ ఒత్తిడిని యథాతథంగా వాట్సాప్ గ్రూపులోకి తోసేస్తే, పాఠం మధ్యలో పధ్నాలుగు ఫోన్లు మోగుతాయి. ప్రధానోపాధ్యాయుల పని ఆ ఒత్తిడిని తమ దగ్గర ఆపుకోవడం. సగానికి సగం సమాచారం బడి దగ్గర ముందే ఉంటుంది. తరగతివారీ పిల్లల సంఖ్య, ఆధార్ వివరాలు, గదులు, మరుగుదొడ్లు, కుర్చీబల్లల లెక్కలు ఒక ఫైలులో జూన్‌లోనే సిద్ధం చేసి నెలకోసారి సరిచూసుకుంటే, తరగతి గదిలోని టీచరును కదిలించవలసిన అవసరం చాలావరకు రాదు. గ్రూపులో సాయంత్రం ఆరు తరువాత, ఆదివారం ఏమీ పెట్టనని మీరే ముందుగా చెప్పి పాటించండి. ఒకరి తప్పును గ్రూపులో ఎత్తి చూపడం మాత్రం ఏ వేళలోనూ చేయకూడదు.

బోధనేతర పనుల విషయంలో విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగా ఉంది: పదేళ్లకోసారి వచ్చే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఇతర విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వినియోగించరాదు. ఈ మినహాయింపులే చిన్నవి కావు. జనగణనకో ఎన్నికలకో నలుగురు వెళ్లిన వారంలో బడి మొత్తం తలకిందులవుతుంది. ఉత్తర్వు రాగానే ఆ రోజుల టైంటేబుల్ విడిగా తయారుచేసి, వెళ్లేవారి పాఠాలు ఎక్కడ ఆగాయో రాయించుకుని పెట్టుకుంటే, తిరిగి వచ్చినవారు సిలబస్ వెనుకబడిందన్న దిగులుతో అడుగుపెట్టరు.

తరగతి చూడటం, తప్పు చెప్పడం

టీచరు పాఠం చెబుతుండగా వెనుక బెంచీలో కూర్చుని రాసుకునే హెచ్.ఎం. అంటే తనిఖీ గుర్తుకు వస్తుంది. ఆ భయం పోవాలంటే ముందు మీ పాఠం చూడటానికి వాళ్లను పిలవండి. మీరు చెప్పే తరగతికి ఇద్దరు ఉపాధ్యాయులను రమ్మని, ఎక్కడ పిల్లలు దారి తప్పారో చెప్పమని అడగండి. 1980లలో బ్రిటన్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకంలో ఉపాధ్యాయ కేంద్రాలు ఉండేవి. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలిసి, ఒకరికొకరు పాఠాలు చూపుకుని చర్చించుకునేవారు. తరువాతి కాలంలో చుట్టుపక్కల బడుల టీచర్లకు పెట్టే స్కూలు కాంప్లెక్స్ సమావేశాలలో ఆ స్ఫూర్తి ఎక్కువ చోట్ల కాగితాలు నింపడంలో కరిగిపోయింది. బడిలో నెలకు ఒక్క పాఠం అలా చూసి మాట్లాడుకున్నా అది తిరిగి వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం ఉపాధ్యాయులకూ ప్రధానోపాధ్యాయులకూ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని చెప్పింది. ఆ గంటలలో పక్క గదిలో దొరికే శిక్షణే అత్యంత ఉపయోగకరమని నా నమ్మకం.

తప్పు చెప్పవలసి వచ్చినప్పుడు తలుపు దగ్గరగా వేసి, పిల్లలూ తల్లిదండ్రులూ తోటి టీచర్లూ లేనప్పుడు, జరిగిన ఒక్క సంఘటన గురించే మాట్లాడండి. "మీరెప్పుడూ ఇంతే" అనే మాట ఆ గదిలో వినబడకూడదు. ఎవరైనా తండ్రి కోపంగా ఫిర్యాదు తెస్తే, అతని ఎదుట టీచరును పిలిచి నిలదీయకుండా, "విని, విచారించి రేపు చెబుతాను" అని పంపి, ఆ తరువాత టీచరు వైపు మాట వినాలి. అమెరికాలోని షికాగో పాఠశాలలను 1990లలో పరిశీలించిన ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ బడిలో నమ్మకం నాలుగింటి మీద నిలబడుతుందని గుర్తించారు: గౌరవం, ఎదుటివారి బాగు పట్ల పట్టింపు, పనిలో సామర్థ్యం, చెప్పిన మాట మీద నిలబడటం. నమ్మకం బలంగా ఉన్న బడులలో పిల్లల చదువు మెరుగుపడే అవకాశం కూడా ఎక్కువగా కనిపించింది. మన దగ్గర ఆ నాలుగింటిలో తరచుగా లోపించేది చివరిది. "ఈ నెల మీకు ఆన్‌లైన్ పని ఉండదు" అని చెప్పి మరుసటి వారమే అప్పగిస్తే, ఆ తరువాత మనం చెప్పే ఏ మాటా నిలవదు.

స్టాఫ్ మీటింగు

నెలకు ఒకటి, నలభై నిమిషాలు చాలు. సర్క్యులర్లు చదివి వినిపించడానికి మీటింగు పెట్టకండి. వాటిని బోర్డు మీద పెడితే చదువుకుంటారు. ఆ సమయాన్ని ఒక్క సమస్యకు కేటాయించండి: ఎనిమిదో తరగతిలో చదవలేని పిల్లలు పన్నెండు మంది ఉన్నారు, ఏం చేద్దాం? కొత్తవారితో, తక్కువగా మాట్లాడేవారితో మొదలుపెట్టి, సీనియర్లను చివర మాట్లాడించి, మీ అభిప్రాయం అందరికంటే చివర చెప్పండి. మీరు ముందే చెబితే మిగిలిన చర్చంతా తలలూపడమే అవుతుంది. మీ బడిలో జరిగిన పొరపాటును మీరే ముందుగా ఒప్పుకోవడం వల్ల ఇతరులకు నోరు వస్తుంది. ఆసుపత్రి బృందాల మీద అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధనలో బాగా పనిచేసే బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివారు దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె వివరించారు. ఏ మీటింగులోనూ ఒక్క తప్పూ బయటికి రాని బడిని చూసి ప్రధానోపాధ్యాయులు సంతోషించకూడదు, ఆలోచించాలి.

పదో తరగతి నెలలు

జనవరి నుంచి మార్చి వరకు ఉదయం ప్రత్యేక తరగతులు, సాయంత్రం స్టడీ అవరు, నూరు శాతం ఫలితాల మీద అధికారుల ఒత్తిడి కలిసి ఆరుగురు ఏడుగురు టీచర్లను నలిపేస్తాయి. ఈ భారాన్ని వారు చెప్పే సబ్జెక్టు కొద్దీ వారి ఖర్మ అని వదిలేయకూడదు. స్టడీ అవరుకు పదో తరగతి చెప్పని ఉపాధ్యాయులు కూడా వంతులవారీగా కూర్చోవచ్చు, ఉదయం తరగతి తీసుకున్నవారికి ఆ సాయంత్రం ఉండకూడదు. ఆటలు నేర్పే పి.డి., ఒకేషనల్ టీచరు, హెచ్.ఎం. సహా అందరి పేర్లూ ఆ పట్టికలో ఉండాలి. దూరం నుంచి బస్సులో వచ్చే మహిళా టీచర్లను ఎనిమిదింటి తరగతికి వేసే ముందు వారి ఊరి బస్సు ఎన్నింటికో అడగండి.

మౌనంగా బాధపడేవారు

ఎప్పుడూ నవ్వుతూ ఉండే టీచరు నెలరోజులుగా ఒంటరిగా క్యారియర్ విప్పుకుంటున్నారంటే, పిల్లల మీద మునుపు లేని చిరాకు పడుతున్నారంటే, దానిని క్రమశిక్షణ సమస్యగా చూడకముందు పక్కన కూర్చుని మాట్లాడాలి. సలహాలు అక్కరలేదు, వినడం చాలు. అవసరమైతే కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ ఉచిత నంబరు 14416 గురించి చెప్పండి; 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవలో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చెప్పుకున్న మాట గది దాటకూడదు.

లైంగిక వేధింపుల విషయం వేరు. అది ఓదార్పుతో సర్దిపుచ్చవలసినది కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం చెబుతున్నది. కమిటీ సభ్యుల పేర్లు స్టాఫ్ రూమ్‌లో రాసి పెట్టి ఉండాలి. కాంట్రాక్టు టీచర్లు, ఆయాలు, వంట చేసే మహిళలు కూడా ఆ రక్షణ కిందికి వస్తారని వారికి నోటితో చెప్పండి, ఎందుకంటే ఆ కాగితం వారు చదివే చోట సాధారణంగా ఉండదు.

బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు చార్జి లిస్టులో తాళాలు, చెక్కుబుక్కు, క్యాష్ బుక్కుతో పాటు ఆ తెల్లకాగితం లెక్కను, సర్దుబాటు రిజిస్టరును కూడా చేర్చి, ఈ ఏడాది ఎవరు ఎక్కువ మోశారో, వచ్చే ఏడాది ఎవరికి ఊరట ఇవ్వాలో పక్కన రాసి, వచ్చేవారి చేతికి ఇవ్వండి.